నాన్నకి ఉండేదా?

కిందటి వారం మన మెకానిక్కుని డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. మనిషిని అలా వారం రోజులు గాల్లో వేలాడదీయడం ఏం మర్యాదని ఒకావిడ ఉత్తరం రాశారు. అమ్మా, మీ కోపం సబబే. కానీ అతగాడు అక్కడ ఎంతోసేపు కూర్చోలేదు. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మందుల చీటీతో కలిపి చొక్కా జేబులో కుక్కుకుని, ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేశాడు.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇతనికి ముప్పై నాలుగేళ్ళు. లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. కంపెనీ ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలో ఈసారి బీపీ నూట డెబ్బై ఎనిమిది, నూట పన్నెండు వచ్చింది. డాక్టరు వెంటనే నమ్మలేదు. ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోమంది. పాదాలు నేలకి ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టమంది. మళ్ళీ చూసింది, ఇంకోసారీ చూసింది. అంకె దిగలేదు. వారం రోజులు లిఫ్టు గోతిలోకి దిగకూడదు, పెట్టె మీదకి ఎక్కకూడదు అని రాసిచ్చింది. ఇంట్లో పొద్దునా సాయంత్రం బీపీ చూసి రాసుకోవాలి. రోజుకో మాత్ర వేసుకోవాలి. రెండు పేజీల ప్రశ్నలకి జవాబులు నింపి సోమవారం తీసుకురావాలి.

ఇంట్లో చెయ్యమన్న ఈ మూడింటిలో బీపీ రాసుకోవడం మాత్రమే జరిగింది, అదీ భార్య పట్టు పట్టడం వల్ల. మాత్రల అట్ట కొన్నది కొన్నట్టే ఉంది. ప్రశ్నల కాగితానికి మడత కూడా విప్పలేదు. "నాకేమైందని? తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, గుండ్రాయిలా ఉన్నాను" అన్నది అతని వాదన. వారమంతా అతన్ని కంపెనీ స్టోర్సులో కూర్చోబెట్టారు. ఆ స్టోర్సులో చేతితొడుగులు, గ్రీజు డబ్బాలు, తాళ్ళు తీసిచ్చేది మరెవరో కాదు, వాళ్ళమ్మే.

ఆవిడకి ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆవిడ భర్త కూడా ఆ కంపెనీలోనే మెకానిక్కు. ఇరవై రెండేళ్ళ కిందట అతను లిఫ్టు పెట్టె మీద నిలబడి పని చేస్తుంటే, పైన మోటారు గదిలో ఉన్న తోటి మెకానిక్కు స్విచ్చు ఆపడం మరిచిపోయాడు. పెట్టె కదిలింది, మనిషి గోతిలో పడిపోయాడు. డ్యూటీలో జరిగిన ప్రమాదం కాబట్టి కంపెనీ భార్యకి ఉద్యోగం ఇచ్చింది. కొడుక్కి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ మరిచిపోయిన మనిషి ఎవరో అతనికి ఎవరూ చెప్పలేదు. 'స్విచ్చుగాడు' అని తనే ఓ పేరు పెట్టుకుని ఇన్నేళ్ళుగా పళ్ళు నూరుతూనే ఉన్నాడు.

ఇక ఈ ఆదివారం సంగతి.

పొద్దున పది దాటింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భోజనాల బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. బల్ల మీద బీపీ మిషను, మాత్రల అట్ట, ఎర్ర కలం, గీతలు కొట్టిన పొడుగు నోటుబుక్కు. ఆ గీతలు కొట్టింది కోడలు. ఆమె బళ్ళో లెక్కలు చెబుతుంది. ఇంట్లో మాట్లాడినా బోర్డు ముందు నిలబడినట్టే మాట్లాడుతుంది. కిటికీ దగ్గర కుర్చీలో అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంది.

"నూట డెబ్బై రెండు, నూట ఎనిమిది," అని కోడలు నోటుబుక్కులో రాసుకుని, భర్త చేతికి చుట్టిన పట్టీ విప్పింది. "రేపే సోమవారం. ఆ కాగితం ఇటివ్వండి, నేను నింపుతాను."

"నింపడానికేముంది? అన్నిటికీ లేదు అని రాసిపారెయ్," అని ఆ మడతల కాగితం ఆమె ముందు పడేశాడు.

"అన్నిటికీ ఒకే జవాబు రాసే పిల్లలకి నేను సున్నా వేస్తాను. బరువు?"

"ఎనభై ఎనిమిది."

"తొంభై రెండు," అంది కిటికీ వైపు నుంచి తల్లి, చేతిలో పని ఆపకుండా. "మొన్న స్టోర్సులో పార్సిళ్ళు తూచే మిషను మీద నిలబడ్డావు కదరా. నేను చూశాను."

"బూట్లతో కదా!"

"నాలుగు కిలోల బూట్లు మన స్టోర్సులో లేవు."

కోడలు నవ్వకుండా తొంభై రెండు అని రాసింది. "సిగరెట్లు?"

"మానేశాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న ఎన్నింటికి?"

"రాత్రి భోజనం అయ్యాక," అన్నాడు గొంతు తగ్గించి.

"అంటే పదమూడు గంటలైంది. సన్మానం చెయ్యమంటారా?" అని, రోజుకి ఆరు అని రాసింది. "వ్యాయామం?"

"నా పనే వ్యాయామం."

"గోతిలోకి ఆరు మెట్లు దిగి మూడు గంటలు నిలబడితే దాన్ని వ్యాయామం అనరు, నిలబడడం అంటారు. గురక వస్తుందా?"

"నాకేం తెలుసు? నేను నిద్రలో ఉంటాను."

"నాకు తెలుసు. నేను నిద్రలో ఉండను కాబట్టి." ఆమె కలంతో తరవాతి వరస చూపించింది. "మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. నేను పక్కన పడుకుని అంకెలు లెక్కపెడతాను. మొన్నోసారి పద్దెనిమిది దాకా వచ్చింది. లేపుదామని చెయ్యి వేసేలోపు మళ్ళీ మొదలైంది."

పెళ్ళాం రాత్రిళ్ళు తన ఊపిరి లెక్కపెడుతోందని అతనికి ఇప్పుడే తెలిసింది. సిగ్గేసింది.

"నొప్పి మాత్రలు?"

"అవి మోకాళ్ళకి. రోజూ ఒకటి. బీపీకీ వాటికీ ఏం సంబంధం?"

"సంబంధం ఉంది కాబట్టే డాక్టరు ఇక్కడ గీత గీసింది. రోజూ మింగితే ఆ మాత్రలు కూడా బీపీ పెంచుతాయట."

"మందుల షాపువాడు ఆ ముక్క చెప్పలేదే."

"మీరు అడగలేదుగా. ఇంక ఉప్పు."

మెకానిక్కు పెద్దగా నవ్వాడు. "ఉప్పా? ఈ ఇంట్లోనా? లేదు అని రాయి. పెద్ద అక్షరాలతో రాయి. కింద గీత కూడా గీయి."

ఇక్కడ ఆ ఇంటి వంట గురించి చెప్పాలి. అత్తగారి వంటలో ఉప్పు ఉంటుంది, కానీ నాలుకకి తగలదు. ఇంటిల్లిపాదికీ కలిపి చిన్న చెంచాడు, అదీ తలకొట్టి. బల్ల మీద ఉప్పు గిన్నె పెట్టడం ఆ ఇంట్లో ఎరగరు. చుట్టాలు భోంచేసి "కడుపులో తేలిగ్గా ఉంది వదినా" అని లేచేవాళ్ళే తప్ప రుచి మాట ఎత్తేవాళ్ళు కాదు. ఆవిడకి వంట రాదని అందరూ ఖాయం చేసేసుకున్నారు. ఆవిడ ఏనాడూ కాదనలేదు.

"రాయమ్మా," అంది అత్తగారు, తల కాస్త పైకెత్తి. "ఆ ఒక్క ప్రశ్నకి జవాబు నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను."

కోడలి కలం కదల్లేదు. ఆమె లేచి గుమ్మం పక్కనున్న పనిముట్ల సంచీ దగ్గరికి వెళ్ళింది. స్పానర్ల కింద నుంచి బోల్టులు పోసుకునే గుండ్రటి రేకు డబ్బా తీసి, మూత విప్పి బల్ల మీద పెట్టింది. దాన్నిండా ఉప్పు.

"తప్పుడు జవాబు నా చేత్తో రాయలేను అత్తయ్యా. ఇది వారానికోసారి నిండుతుంది."

ఆవిడ చేతిలో బీన్సు కాయ సగం విరిగి ఆగిపోయింది. "ఇదేంట్రా?"

"అది కాదమ్మా. క్యారియర్ విప్పగానే కాస్త చల్లుకుంటాను. లేకపోతే ముద్ద దిగదు."

"ఎప్పట్నుంచి?"

"ఏడో తరగతి నుంచి. అప్పుడు కంపాసు పెట్టెలో పొట్లం కట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి."

ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు తల వంచుకుంది. "స్టాఫ్ రూములో నాకూ ఒక సీసా ఉంది అత్తయ్యా. చిన్నదే."

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చెంచా తలకొట్టి కొలుస్తోంది. ఇరవై రెండేళ్ళుగా కొడుకు ఆ కొలతకి నాలుగింతలు బయట గుమ్మరించుకుంటున్నాడు. ఇద్దరూ ఎవరి జాగ్రత్తలో వాళ్ళున్నారు. ఎవరూ ఎవరికీ కారణం చెప్పలేదు.

"నువ్వే సరిగ్గా వేసి ఉంటే నేనింత వేసుకునేవాణ్ణి కాదు," అన్నాడు కొడుకు. దొరికిపోయిన దొంగకి వచ్చే కోపం అది. "చేతికి ఎంతొస్తే అంత చల్లుకుంటున్నాను. అసలు నీకు ఉప్పంటే ఎందుకమ్మా అంత పగ?"

"పగ కాదురా. భయం."

"భయమా? దేనికి?"

ఆవిడ ఒళ్ళో ఉన్న ఈనెలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేస్తూ కూర్చుంది. తల్లీకొడుకుల మధ్య వాతావరణం వేడెక్కుతోందని కోడలు తరవాతి ప్రశ్న చదివేసింది, హాజరు పిలిచే గొంతుతో.

"కుటుంబంలో, అంటే తల్లికి, తండ్రికి, తోబుట్టువులకి చిన్న వయసులోనే రక్తపోటు గాని, పక్షవాతం గాని, గుండెజబ్బు గాని వచ్చిందా? వస్తే ఏ వయసులో? దీనికి రెండు చుక్కలు పెట్టింది డాక్టరు. ఇదుంటే మిగతావన్నీ ఇంకా గట్టిగా పట్టించుకోవాలట. వయసూ, పుట్టుకా మనం మార్చుకోలేం, మిగతావి మన చేతిలోనే ఉంటాయని అడుగున రాసింది."

"అమ్మకి నూట ఇరవై, ఎప్పుడు చూసినా. నాన్న ప్రమాదంలో పోయాడు. లేదు అని రాయి. ఆ ఒక్కటైనా నిజమైన 'లేదు'."

కోడలు 'లే' అని రాసింది.

"ఆగమ్మా," అంది అత్తగారు. "అది కొట్టెయ్."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ లేచి బీన్స్ గిన్నె కోడలికి అందించింది. "వీటిని పొయ్యి మీద పెట్టి రా. కాస్త నిదానంగానే రా." కోడలికి అర్థమైంది. గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. వంటగదికీ బల్లకీ మధ్య ఉన్నది ఛాతీ ఎత్తు గోడ. ఆ ఇంట్లో రహస్యం మాట్లాడుకోవాలంటే వంటగదిలో కుళాయి తిప్పి ఉంచాలి. కోడలు తిప్పలేదు.

ఆవిడ కుట్టుమిషను సొరుగు లాగింది. దారపు ఉండలు, బొత్తాల డబ్బా పక్కకి జరిపి, అడుగున పరిచిన కాగితం కింద నుంచి ఇంకో కాగితం తీసింది. మడతల దగ్గర చిరుగులు పడ్డాయి. కొడుకు ముందు పెట్టి విప్పింది. అది ఆస్పత్రి కాగితం. పైన తండ్రి పేరు, వయసు ముప్పై ఎనిమిది. దాని కింద రెండు వందల ఇరవై, నూట ముప్పై. ఇంకా కింద డాక్టరు చేతిరాతలో ఒకే వాక్యం ఉంది. మెదడులో రక్తనాళం చిట్లింది.

"మీ నాన్నకి ఉండేది," అంది. "ముప్పై ఆరో ఏట తెలిసింది. నీకు వచ్చినట్టే, ఏ నొప్పీ లేకుండా. మాత్రలిచ్చారు. నెల రోజులు వేసుకున్నారు. బాగానే ఉంది కదా అని మానేశారు. కంపెనీకి తెలిస్తే గోతిలోకి దిగనివ్వరని ఎవరికీ చెప్పలేదు. నాతో మాత్రం వేసుకుంటున్నాననే చెప్పేవారు. నేనే కొనుక్కొచ్చి ఇచ్చేదాన్ని. పోయాక ఆయన పనిముట్ల సంచీ ఇంటికి పంపారు. అందులో ఆరు అట్టలు దొరికాయి. ఒక్కదాన్నీ చింపలేదు."

కొడుకు ఆ కాగితాన్ని ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "ఇదేంటి? నాన్న పడిపోయి కదా పోయింది? పెట్టె కదిలింది కదా?"

"పెట్టె కదల్లేదు."

ఆవిడ ఎదురుగా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక తొట్రుపడలేదు. ఇన్నేళ్ళూ మనసులో ఎన్నిసార్లు చెప్పుకుందో, మాటలు వరసగా వచ్చాయి.

"పెట్టె మీద ఆయన పక్కన వాళ్ళ జట్టు మేస్త్రీగారు ఉన్నారు. పొద్దుట్నుంచీ తల పగిలిపోతోందని అంటూనే ఉన్నారట. టార్చి ఇమ్మంటే చేత్తో పట్టుకోలేకపోయారు. ఏమైందిరా అంటే మాట ముద్దగా వచ్చింది. కుడి కాలు వంగిపోయి పక్కకి ఒరిగారు. మేస్త్రీగారు చొక్కా పట్టుకున్నారు, ఆగలేదు. ముందు నరం చిట్లింది, తరవాతే పడ్డారని ఆస్పత్రిలో డాక్టరు నాతో స్పష్టంగా చెప్పాడు. అది చెప్పి ఈ కాగితం ఇచ్చాడు. మేస్త్రీగారు నన్ను వరండాలో పక్కకి పిలిచారు. 'చెల్లెమ్మా, జబ్బుతో పోయాడంటే కంపెనీ సంతాపం ఉత్తరం ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ప్రమాదం అంటే నీకు ఉద్యోగం ఇస్తారు. ఆ కాగితం ఇంట్లో దాచుకో, మిగతాది నేను చూసుకుంటాను' అన్నారు. నువ్వు అక్కడే బెంచీ మీద స్కూలు బూట్లతో నిద్రపోతున్నావు. నిన్ను చూసి నేను తలూపాను."

"పోలీసులు, కంపెనీ... ఎవరూ అడగలేదా?"

"పక్కనున్న మేస్త్రీ కళ్ళారా చూశానంటే ఇంకెవరిని అడుగుతారు? ఆయన రాసిందే రాత. ఆయన కూడా పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే."

మెకానిక్కు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఉన్న నాలుగు అడుగుల చోటులో అటూ ఇటూ తిరిగాడు. పన్నెండేళ్ళప్పటి నుంచీ అతను నమ్మినదంతా ఒక్క స్విచ్చు మీద నిలబడి ఉంది. లిఫ్టుల పనిలోకే ఎందుకు వచ్చాడని ఎవరైనా అడిగితే, ఒక్కడైనా జాగ్రత్తగా చేసేవాడు ఉండాలి కదా అనేవాడు. ఇప్పుడు దేని మీద కోపం తెచ్చుకోవాలో అతనికి తెలియలేదు.

"మరి ఆ స్విచ్చుగాడు?" అన్నాడు.

"అలా అనకు."

"సరే, ఆ మనిషి. ఆయన స్విచ్చు ఆపాడా, లేదా?"

"ఆపాడు. రోజూ ఆపినట్టే ఆపాడు. ఆస్పత్రి నుంచి వెళ్ళి మేస్త్రీగారు పెట్టె కదిలిందని చెప్పారు. స్విచ్చు ఆపలేదా అని కంపెనీవాళ్ళు అతన్ని అడిగారు. అంతే, అతను తెల్లబోయాడు. నువ్వే చెప్పరా, రోజుకి వందసార్లు తిప్పే స్విచ్చు అది. పోయిన నెల ఫలానా రోజు, ఫలానా వేళ తిప్పానని నువ్వు ఒట్టేసి చెప్పగలవా?"

అతను ఆలోచించాడు. చివరిసారి గోతిలోకి దిగిన రోజు కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు. మోటారు గది తలుపు గుర్తొచ్చింది, లోపలి వేడి గుర్తొచ్చింది. స్విచ్చు మీద చెయ్యి పడిన క్షణం మాత్రం గుర్తుకు రాలేదు. తిప్పే ఉంటాడు. ఎప్పుడూ తిప్పుతాడు కాబట్టి.

"చెప్పలేను," అన్నాడు.

"అతనూ చెప్పలేకపోయాడు. మరిచిపోయానేమో అన్నాడు. రెండో రోజుకి మరిచిపోయాను అన్నాడు. మూడో రోజు సంతకం పెట్టాడు. ఉద్యోగం పోయింది. అతని మీదకి వస్తుందని మేస్త్రీగారు అనుకోలేదట. యంత్రం మీదకి తోసేద్దాం అనుకున్నారు. అతను ఒప్పేసుకోగానే ఇంక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. నేనైనా నోరు విప్పి ఉండాల్సింది. స్టోర్సులో చేరమని అప్పటికే ఉత్తరం వచ్చింది. నేను విప్పలేదు."

"అమ్మా, నేను చిన్నప్పట్నుంచీ ఆయన చావాలని కోరుకున్నాను తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. తప్పు నాది. తిట్టు, ఎంతైనా తిట్టు. కానీ ముందు ఆ మాత్ర వేసుకుని తిట్టు." ఆవిడ మాత్రల అట్ట కొడుకు ముందుకి తోసింది. "వారం రోజులుగా స్టోర్సులో నా పక్కనే కూర్చుని, నాకేం లేదు, బాగానే ఉన్నాను అంటున్నావు. ఆ మాట మీ నాన్న గొంతుతోనే వినిపిస్తోంది నాకు. ఉప్పు తగ్గిస్తే చాలనుకున్నాను. నీకు చెప్పకుండానే నిన్ను కాపాడుకోవచ్చు అనుకున్నాను. చేతకాలేదు."

కొడుకు బల్ల మీది కాగితం చూపించాడు. "ఇందులో అవును అని రాస్తే కంపెనీ ఫైల్లోకి వెళ్తుంది. నాన్న ఫైలు కూడా అక్కడే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నీ ఉద్యోగం సంగతి ఏమవుతుంది?"

"ఏదవ్వాలో అది అవుతుంది. నువ్వు ముప్పై తొమ్మిదో ఏడు చూడాలి. నాకంతే కావాలి. రాయి."

అతను ఎర్ర కలం తీసుకున్నాడు. భార్య రాసిన 'లే' కొట్టేసి, పక్కన 'ఉంది, తండ్రికి, ముప్పై ఆరో ఏట' అని రాశాడు. రాసి, మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని ఒకటి నొక్కాడు. రేకు చిట్లిన చప్పుడుకి తల్లి కళ్ళు మూసుకుంది. గ్లాసెడు నీళ్ళతో మింగాడు. తల్లిని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. రెండూ చేతకాక కుర్చీలో కూర్చున్నాడు.

"అత్తయ్యా."

కోడలు పొట్టిగోడ అవతల నిలబడి ఉంది. చేతిలో గరిట ఉంది. పొయ్యి మీద గిన్నె మూత ఎగిరెగిరి పడుతున్నా ఆమె వెనక్కి తిరగలేదు.

"ఆ మోటారు గదిలో ఉన్నది ఎవరు?"

అత్తగారు ఆస్పత్రి కాగితాన్ని మళ్ళీ మడతపెట్టసాగింది.

"మా పెళ్ళి సంబంధం మాట్లాడటానికి మీరొక్కరే వచ్చారు," అంది కోడలు. ఆమె గొంతులో ఇప్పుడు పంతులమ్మ లేదు. "మధ్యవర్తి లేడు, తెలిసినవాళ్ళు లేరు. మా ఇల్లు ఎలా తెలుసని మా అమ్మ అడిగితే మీరు మాట మార్చారు. మిమ్మల్ని గుమ్మంలో చూడగానే మా నాన్న కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. మీరు వెళ్ళాక గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు. ఏంటి నాన్నా అంటే, ఆవిడది చాలా పెద్ద మనసమ్మా, నువ్వు ఆ ఇంటికి వెళ్ళాలి అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏడేళ్ళుగా అర్థం కాలేదు."

కోడలి తండ్రికి బజారు చివర గొడుగులు, సూట్‌కేసులు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. అంతకు ముందు ఏం చేసేవాడో అల్లుడికి తెలియదు. కానీ కలిసినప్పుడల్లా ఆయన ఒక మాట అనేవాడు. "పైన ఎంత నమ్మకమైన మనిషి ఉన్నా సరే బాబూ, దిగే ముందు నువ్వొకసారి వెళ్ళి చూసుకో." పెద్దవాళ్ళ చాదస్తం అని మెకానిక్కు నవ్వేసేవాడు.

"ఆయనేనమ్మా," అంది అత్తగారు.

"మా నాన్నకి నిజం తెలుసా?"

"తెలీదు. నేను ఆయన్ని క్షమించాననుకుంటున్నారు. క్షమించి, పిల్లనడిగాననుకుంటున్నారు. ఇప్పటికీ నేను ఎదురైతే లేచి నిలబడతారు. కూర్చోండి అన్నయ్యగారూ అని చెప్పడానికి కూడా నాకు నోరు రాదు."

"నన్ను అందుకే తెచ్చుకున్నారా? చేసిన తప్పుకి బదులుగా?"

"మొదట అందుకే. ఇప్పుడు అందుకు కాదు."

కోడలు పొయ్యి ఆపేసింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఆయన లిఫ్టు ఎక్కడు అత్తయ్యా. మా ఇల్లు ఐదో అంతస్తు. చేతిలో సామానున్నా, జ్వరమున్నా మెట్లే ఎక్కుతాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. లిఫ్టంటే భయమేమోనని చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని."

ఆమె బల్ల మీదున్న ఫోను తీసింది. నంబరు నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టి, అత్తగారి ముందుకి జరిపింది.

"మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"ఇప్పుడేనా?" అన్నాడు మెకానిక్కు. "సాయంత్రం మనం వెళ్ళి ఎదురుగా కూర్చుని..."

"ఇరవై రెండేళ్ళయింది. సాయంత్రం దాకా ఎందుకు?"

మూడోసారి మోగుతుండగా అవతల ఎత్తారు. వెనక ఏదో ఇనప చువ్వ వంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆదివారం కూడా కొట్టు తెరిచినట్టున్నాడు.

"ఏమ్మా, పొద్దున అల్లుడికి ఎంత వచ్చింది? మాత్ర వేసుకున్నాడా? వేసుకోకపోతే నేనొచ్చి నోట్లో వేస్తానని చెప్పు."

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆవిడ ఫోనుని రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నేను మాట్లాడుతున్నాను అన్నయ్యగారూ."

చువ్వ చప్పుడు ఆగింది. కుర్చీ జరిగింది. ఆయన అక్కడ కూడా లేచి నిలబడ్డాడని ముగ్గురికీ తెలిసింది. "చెప్పండమ్మా," అన్నాడు, గొంతులో మర్యాద నింపుకుని.

"మాత్ర వేసుకున్నాడు. మీరు కూర్చోండి. కూర్చుని వినండి." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఆ రోజు మీరు స్విచ్చు ఆపారు. పెట్టె కదల్లేదు. ఆయన జబ్బుతో పోయారు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు."

అవతల నుంచి ఏదో బరువైనది నేల మీద పడ్డ చప్పుడు వచ్చింది. గొడుగో, కుర్చీయో, ఇంకేదో, ఇక్కడి నుంచి తెలియలేదు.

"నాన్నా?" అంది కోడలు.

ఫోను కట్ కాలేదు. తెర మీద సెకన్లు కదులుతూనే ఉన్నాయి.

"నాన్నా, ఉన్నావా?"